చిలగడదుంప కోసం ఎల్బీనగర్ నుంచి తుర్కయంజాల్ దాకా

ఇల్లు తాళం వేసి బయల్దేరేసరికి ఆదివారం ఉదయం పది దాటింది. మాది ఎల్బీనగర్ చౌరస్తాకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న కాలనీ. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ముప్ఫై ఏళ్ళు కావస్తున్నా నా మాట మారలేదు, నా కోపమూ తగ్గలేదు. నా వెంట ఉన్నది గ్రేస్. మా మేడ మీద గదిలో అద్దెకుంటున్న ఉగాండా అమ్మాయి. నర్సింగ్ చదవడానికి వచ్చి రెండేళ్ళయింది. వార్డు డ్యూటీల్లో పేషెంట్ల దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి అచ్చం ఇక్కడివాళ్ళలాగే మాట్లాడుతుంది. నా తెలుగే తనకు ఒక్కోసారి అర్థం కాదు.

గ్రేస్ కూతురు మిరెంబె కంపాలాలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ రోజు ఆ పిల్లకు ఆరో పుట్టినరోజు. కొన్నాళ్ళుగా పిల్ల ఫోన్లో తల్లితో సరిగా మాట్లాడటం లేదట. రెండు ముక్కలు అనేసి ఆటకు పరిగెత్తుతోందట. పోయినసారి మాత్రం నిలబడి, "అక్కడ మన తిండి ఉండదుగా, నువ్వు ఇప్పుడు మనలా లేవు" అని వెళ్ళిపోయిందట. ఆ మాటకు గ్రేస్ రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడు ఫోన్ చేసి మాటిచ్చేసింది. పుట్టినరోజు నాడు నువ్వేం తింటావో నేనూ అదే తింటాను, ఇద్దరం ఫోన్లో చూసుకుంటూ తిందాం అని. ఆ పిల్ల కోరింది చిలగడదుంప ముక్కలు నూనెలో వేయించి ఉప్పు చల్లినవి. వాళ్ళ ఊళ్ళో సాయంత్రాలు వీధుల్లో వేడివేడిగా అమ్ముతారట. ఫోను మనకు సాయంత్రం ఆరున్నరకు. అక్కడ అప్పటికి నాలుగు.

"ఇంతేనా? చిలగడదుంప దొరకని దేశమా ఇది? సంచి పట్టుకో, గంటలో తిరిగొస్తాం" అన్నాను. ఇంత ధీమాగా అన్న మాట ఈ మధ్య నేను ఇంకొకటి అనలేదు.

మొదట చౌరస్తా దగ్గర ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్ళాం. కూరగాయల వైపు బ్రకోలీ ఉంది, ఎర్ర క్యాబేజీ ఉంది, ఎక్కడో పండిన డ్రాగన్ ఫ్రూట్ ఉంది. చిలగడదుంప లేదు. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే హుషారుగా తీసుకెళ్ళి చిరుతిళ్ళ అరలో ఒక పొట్లం చేతిలో పెట్టింది. నల్లటి పొట్లం, మీద నారింజ రంగు చిప్స్ బొమ్మ. "స్వీట్ పొటాటో చిప్స్ మేడమ్, ఇంపోర్టెడ్" అంది. కళ్ళజోడు పెట్టుకుని వెనక చదివాను. మొక్కజొన్న పిండి, బియ్యప్పిండి, అన్నీ అయ్యాక చివర్లో ఎక్కడో చిలగడదుంప పొడి. దాని ధర చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మన నేల మీద పండే దుంపను పొడి చేసి ఓడలో తెప్పించుకుని తినే దశకు వచ్చామన్నమాట. మేనేజరును పిలవమన్నాను. గ్రేస్ నా మోచెయ్యి పట్టుకుని, "పరేషాన్ గాకు అమ్మా, బయట దొరుకుతది" అని నెమ్మదిగా బయటికి నడిపించింది.

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌కు టికెట్లు తీసుకున్నాం. ఎల్బీనగర్ మొదటి స్టేషను కాబట్టి సీట్లు దొరికాయి. చైతన్యపురిలో ఒకావిడ ఎక్కి గ్రేస్ పక్కన కూర్చుంది. కూర్చోవడమే ఆలస్యం, గ్రేస్ జడపాయ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూస్తూ, నన్ను అడిగింది.

"గివి సొంత ఎంటికలేనా?"

"ఆమె జుట్టు గురించి ఆమెనే అడగండి. ముందు చెయ్యి తియ్యండి" అన్నాను.

"ఆమెకు తెలుగొస్తదా?"

"ఒస్తది అక్కా. సగం నాయి, సగం కొన్నయి. మరి నీయి?" అంది గ్రేస్.

పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, తన సవరం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ స్నేహంగానే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం స్టేషను వచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. బొమ్మ కాదు కదా అది, మనిషి. గ్రేస్‌కు ఇది అలవాటైపోయిందన్న సంగతి నన్ను ఇంకా మండించింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటుకుని కూరగాయలు అమ్మే సందులోకి వెళ్ళాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఇక్కడివాళ్ళు చిలగడదుంపను కందగడ్డ అంటారు కాబట్టి అదే పేరుతో అడుగుతూ పోయాను. ఒక్కరి దగ్గరా లేదు. చివరికి ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చున్న ఒక పెద్దాయన నన్ను వింతగా చూశాడు.

"కందగడ్డలా? శివరాత్రి అయిపాయె గదమ్మా!"

"అయితే?"

"గప్పుడే తింటరు, ఉపాసమున్నోళ్ళు. శివరాత్రికి లారీలు లారీలు దింపుతరు. తెల్లారితే మల్ల ఎవ్వలు ముట్టరు. పండుగ అయిపోయినంక ఎందుకు తెస్తం?"

"మా ఊర్ల దినాం తింటం అన్నా" అంది గ్రేస్.

"గట్లనా? మరి గాడనే కొనుక్కొని రావాల్నమ్మా" అని ఆయన నవ్వాడు.

ఆయన సరదాకే అన్నాడు. కానీ నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆ పిల్ల అక్కడికెళ్ళి కొనుక్కోవాలంటే విమానం ఎక్కాలి. నువ్వు ఇక్కడ నాలుగు దుంపలు పెట్టుకోవడానికి ఏం ఎక్కాలయ్యా?" అని గట్టిగానే అడిగాను. పక్క బళ్ళవాళ్ళు తలలు తిప్పారు. ఆయన మాత్రం ఉల్లిగడ్డల్లో కుళ్ళినవి ఏరుకుంటూ కూర్చున్నాడు. తప్పు ఆయనది కాదని నాకూ తెలుసు. ఏడాదికి ఒక్కరోజు దేవుడి పేరు చెప్పి దుంపను నెత్తిన పెట్టుకుని, మర్నాడు దాని మొహం చూడని మన అందరిదీ. అయినా ఆ సమయానికి ఎదురుగా ఉన్నది ఆయనే.

రోడ్డెక్కి ఒక చిప్స్ దుకాణానికి వెళ్ళాం. అద్దాల వెనక ఆలుగడ్డ చిప్స్, అరటికాయ చిప్స్, కాకరకాయ చిప్స్, పనస చిప్స్, ఆఖరికి బెండకాయ చిప్స్ కూడా ఉన్నాయి. చిలగడదుంపవి ఎందుకు చేయరని యజమానిని అడిగాను.

"నడవయి మేడమ్. సుట్టాలొస్తే ఎవరన్న కందగడ్డ పెడ్తరా? గది గరీబు తిండి అంటరు."

"కాకరకాయ ఏ మహారాజుల తిండి?" అన్నాను. ఆయన అర కిలో కాకరకాయ చిప్స్ కట్టమంటారా అని అడిగాడు. గ్రేస్ మళ్ళీ నా మోచెయ్యి పట్టుకుంది.

ఒంటిగంటకు బస్ డిపో పక్కన ఒక హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, సాంబారు నీళ్ళు. గ్రేస్ సగం అన్నం వదిలేసింది. అక్కడ చెయ్యి కడుక్కుంటుంటే పూలు అమ్మే ఆవిడ మా మాటలు విని, మూసారాంబాగ్ మెట్రో కింద ఒక బండివాడు నిప్పుల మీద కందగడ్డలు కాల్చి అమ్ముతాడని చెప్పింది. గ్రేస్ ముఖం వికసించింది. ఒక్క స్టేషనే కదా అని మళ్ళీ మెట్రో ఎక్కాం. బండి నిజంగానే ఉంది. నిప్పులూ ఉన్నాయి. వాటి మీద మొక్కజొన్న కంకులు ఉన్నాయి. చలికాలంలో కందగడ్డలు కాల్చేవాడట. ఇప్పుడు వెన్న రాసిన మొక్కజొన్నకే గిరాకీ ఉందట.

మెట్రో మెట్ల మీద నీడ చూసుకుని కూలబడ్డాం. గ్రేస్ ఖాళీ సంచి మడతపెట్టి, "ఆలుగడ్డ కోసి ఏంచుత అమ్మా. ఫోన్ల చిన్నగ కనిపిస్తది. ఆమెకు తెల్వదు" అంది. ఆ మాట నాకు మహా కష్టం కలిగించింది. పిల్ల అడిగింది ఒక దుంప. ఇంత పెద్ద నగరం అది ఇవ్వలేక ఒక తల్లి చేత కన్నకూతురికి అబద్ధం చెప్పించబోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది అండాలు వదినగారు. ఆవిడ మా వియ్యపురాలు. తుర్కయంజాల్‌లో వాళ్ళది పాత వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు మా వియ్యంకుడు ప్లాట్లు వేసి అమ్ముతున్నారు కానీ, ఆవిడ మాత్రం ఇంటి వెనక మిగిలిన కాస్త చెలకలో ఏదో ఒకటి పండిస్తూనే ఉంటారు. అక్కడికక్కడే ఫోన్ చేశాను.

"వదినగారూ, మీ ఇంట్లో కందగడ్డలు ఉన్నాయా?"

"మస్తున్నయి వదినె. పొద్దుగాలనే గంజు నిండ ఉడకపెట్టిన. ఎందుకు?"

"నేనూ, మా మేడ మీద ఉండే ఉగాండా అమ్మాయి గ్రేస్ వస్తున్నాం. మాకేమీ వద్దు. ఆ దుంపలు చాలు."

"అయ్యో, రారి రారి!"

ఇంతలో పైన రైలు వస్తున్న చప్పుడైంది. పుట్టినరోజు సంగతి వెళ్ళాక చెప్పుకోవచ్చులే అని ఫోన్ పెట్టేశాను.

ఎల్బీనగర్‌లో దిగి సాగర్ రోడ్డు వైపు బస్సు పట్టుకునేసరికి నాలుగు కావస్తోంది. ఆదివారం కావడంతో బస్సు కిటకిటలాడుతోంది. నాకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. గ్రేస్‌కు డబ్బులిచ్చి తీసుకోవాలన్నాను. కండక్టరమ్మ గ్రేస్ మాట విని, "మాట జూస్తె మా ఊరామె లెక్కనే ఉన్నది, ఆధార్ లేదా?" అని నవ్వుతూ టికెట్ కొట్టి, తన సీటు పక్కన మాకు చోటిచ్చింది. ఆ రోజు నాకు కోపం తెప్పించని మనిషి ఆవిడ ఒక్కతే. బీఎన్ రెడ్డి నగర్ దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఇరుక్కున్నాం. తుర్కయంజాల్‌లో దిగేసరికి ఐదు దాటింది.

మా వియ్యంకులది మూడంతస్తుల ఇల్లు. ముందంతా పాలరాయి, వెనక రెండు గేదెలు. అండాలు వదినగారు పట్టుచీర కట్టుకుని గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. లోపల టేబుల్ మీద మూడు పిజ్జా పెట్టెలు, నూడుల్స్, పెద్ద సీసాల కూల్‌డ్రింకులు, మధ్యలో గ్రేస్ పేరు రాయించిన కేకు. మా వియ్యంకుడు స్వయంగా హయత్‌నగర్ దాకా వెళ్ళి ఆ కేకు చేయించి తెచ్చారట. విదేశీ అమ్మాయి ఇంటికి రావడం వాళ్ళకదే మొదటిసారి.

"తినురి, తినురి. మొగమాట పడొద్దు" అని వదినగారు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. గ్రేస్ మర్యాదకు ఒక ముక్క తింటే, పళ్ళెంలో రెండోది పడింది. ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. నేనూ చూశాను. ఆరు కావడానికి ఎంతో లేదు.

"వదినగారూ, దుంపలు తెప్పించండి" అన్నాను.

"ఏడికి పోతయి? ముందు గివి కానియ్యిరి."

ఇక లాభం లేదని లేచి వంటింట్లోకి నడిచాను. గట్టు తళతళ మెరుస్తోంది. స్టవ్ మీద ఏమీ లేదు. నా వెనకే వచ్చిన వదినగారు గొంతు తగ్గించారు.

"గవి లెవ్వు వదినె. బర్లకేసిన."

"ఏమిటీ?"

"గంజు నిండ ఉన్నయి, బర్ల తొట్టిలేసిన. నువ్వు ఫోన్ జేసినంక ఇల్లంత సదిరిన. గంత దూరం దేశం నుంచొచ్చిన పిల్ల ముంగట గడ్డలు పెడ్తె మా ఇజ్జత్ ఉంటదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఉదయం నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగింది ఆ దుంపల కోసం. అవి ఇప్పుడు గేదెల కడుపులో ఉన్నాయి. అదీ మా మీద గౌరవంతో.

"అవే కావాలని, అవి చాలని నేను ఫోన్లో చెప్పానా లేదా?" అని అరిచినంత పని చేశాను.

"చెప్పినవ్. ఎన్నడొచ్చిన గట్లనే చెప్తవ్ గద! చాయ్ వద్దంటవ్, పోస్తె తాగుతవ్. చీర వద్దంటవ్, పెడ్తె తీస్కుంటవ్. అన్నం వద్దు, తినే వచ్చిన అంటవ్, ఏస్తె తింటవ్. గిన్నేండ్లల్ల గీ ఒక్కపారే నువ్వు నిజం చెప్తున్నవని నాకెట్ల తెల్వాలె?"

జవాబు దొరక్కపోతే కోపం రెట్టింపవుతుందని ఆ వంటింట్లో తెలిసింది. ఈ దేశంలో ఏ వియ్యపురాలు ఇంకో వియ్యపురాలి ఇంట్లో తనకు కావలసింది నోరు తెరిచి అడిగింది గనుక? వద్దంటే పెట్టమని, చాలంటే ఇంకా వెయ్యమని అర్థం. ఇద్దరం కలిసి ఇన్నాళ్ళూ కట్టుకున్న మర్యాద ఇది. ఆ మర్యాద కాస్తా వెళ్ళి గేదెల తొట్టిలో పడింది.

అప్పుడు పుట్టినరోజు సంగతి మొత్తం చెప్పాను. పిల్ల అన్న మాటతో సహా చెప్పాను. వింటూ వింటూ వదినగారి ముఖం మారిపోయింది.

"అయ్యయ్యో, గంత ముచ్చట ఫోన్లనే చెప్పొద్దా! పచ్చివి ఉన్నయి, కొట్టం ఎన్క కుప్ప ఉన్నది" అంటూ పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని దొడ్డి గుమ్మంలోంచి బయటికి పరిగెత్తారు. గ్రేస్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ వెంట పరిగెత్తింది. ఇద్దరూ ఒడినిండా మట్టి దుంపలు వేసుకుని తిరిగొచ్చారు. ఎర్ర తోలు, లోపల తెల్లటి గుజ్జు. గ్రేస్ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కడగడం నా పని, నూనె పెట్టడం వదినగారి పని. కత్తి మాత్రం గ్రేస్ ఎవరికీ ఇవ్వలేదు. బొటనవేలంత మందాన, పొడుగ్గా కోసింది. వదినగారు కారం డబ్బా తీశారు.

"జర కారం, జర పసుపు?"

"వద్దు పెద్దమ్మా. ఉప్పొక్కటే."

వదినగారు నా వైపు తిరిగారు. "గీ పిల్ల వద్దంటె నిజంగనే వద్దా?"

"నిజంగనే వద్దు పెద్దమ్మా" అంది గ్రేస్.

మొదటి వాయ నూనెలోంచి తీస్తుండగానే ఫోన్ మోగింది. తెర మీద పసుపు గౌను, రెండు పిలకలు, ముందు పళ్ళెం. పిల్ల వెనక అమ్మమ్మ. గ్రేస్ ఫోన్‌ను నీళ్ళ బిందెకు ఆనించి, తన పళ్ళెం ఎత్తి చూపించింది. పిల్ల ముఖం తెరకు ఆనేంత దగ్గరికి వచ్చింది. ఏదో అడిగింది. గ్రేస్ ఫోన్ తీసి పొయ్యి చూపించింది, మట్టి అంటిన దుంపలు చూపించింది, చేతిలో జల్లిగరిటెతో నిలబడ్డ వదినగారిని చూపించింది. ఆవిడ గరిటె ఊపారు.

తర్వాత తల్లీ కూతురూ చెరొక ముక్క తెర ముందు పట్టుకున్నారు. ఉన్నట్టుండి పిల్ల గట్టిగా అరవడం మొదలుపెట్టింది. గ్రేస్ కూడా అరిచింది. పిల్ల వేలు చూపించి ఇంకా గట్టిగా అరిచింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నదే? ఏడుస్తున్నదా? మా గడ్డలు మంచిగ లెవ్వా?" అని వదినగారు కంగారుపడ్డారు. గ్రేస్ మాకు చెయ్యి ఊపి ఆగమని సైగ చేసింది. ఆ అరుపులు, నవ్వులు చాలాసేపు సాగాయి. మధ్యలో ఛార్జింగ్ అయిపోతే మా వియ్యంకుడు వైరు తెచ్చి పెట్టారు. వదినగారు రెండో వాయ, మూడో వాయ తీసి, నిలబడే ఉండి మాతో పాటు తిన్నారు. పిజ్జా పెట్టెలు టేబుల్ మీదే చల్లారిపోయాయి. రెండు పెట్టెల మూతలు కూడా తీయలేదు.

బయల్దేరేసరికి ఏడున్నర దాటింది. వదినగారు సంచి నిండా పచ్చి దుంపలు నింపారు. పైన కేకు కూడా పెట్టబోతుంటే అలవాటుగా వద్దన్నాను. ఆవిడ చెయ్యి ఆపి నన్ను సూటిగా చూశారు.

"గిది నిజం వద్దా, ఉత్త వద్దా?"

"ఉత్తదే, పెట్టండి" అన్నాను. గ్రేస్ పగలబడి నవ్వింది.

తిరుగు బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన గ్రేస్, ఆ పక్కన నేను, ఒళ్ళో సంచి. ఈ దారిలో ఎవరైనా నాలాగే బయల్దేరితే వాళ్ళకు చెప్పదగింది ఒకటే. శివరాత్రి కాని రోజుల్లో ఈ దుంపను అంగళ్ళలో వెతికి చెప్పులు అరగదీసుకోకండి. తెలిసిన ఇంటికి వెళ్ళండి. ఎందుకు కావాలో ముందే చెప్పండి. గౌరవం చూపించొద్దని మరీ మరీ చెప్పండి. ఇంత చెప్పినా నా కోపం మాత్రం పూర్తిగా దిగలేదు. తినే తిండిని చూసి సిగ్గుపడి దాచేసుకుని, పొట్లంలో వచ్చేదాన్ని చూసి మురిసిపోయే మన తీరు తలుచుకుని బీఎన్ రెడ్డి నగర్ దాకా నాలో నేను గొణుక్కుంటూనే ఉన్నాను.

అప్పుడు అడిగాను. "ఇందాక మీ పాప ఎందుకే అంతగా అరిచింది?"

గ్రేస్ నవ్వింది. "నా ముక్క పెద్దగున్నదంట అమ్మా. పుట్టినరోజు ఆమెదైతె పెద్ద ముక్క నేనెట్ల తీస్కుంటనంట. ఇచ్చెయ్యమని మస్తు కొట్లాడింది."

కిటికీలోంచి బయటికి చూసింది. నా వైపు తిరగకుండానే మళ్ళీ అంది.

"రెండేండ్లాయె, నాతోటి కొట్లాడక."